పాత జపాన్ బిళ్ల చేతికి చిక్కిందా? అది ఎక్కడిదో, ఎప్పటిదో ఇలా పట్టుకోండి

చూడ్డానికి నాణెంలాగే ఉంటుంది. ఒకవైపు టవరో, కోటో, బుద్ధుడో. రెండోవైపు మనకు అంతుపట్టని అక్షరాలు, చుట్టూ అంచు వెంబడి ఖాళీగా వదిలిన ఒక పట్టీ. కొన్నిటికి కీచైన్ కొక్కెం కూడా ఉంటుంది. జపాన్‌లో టవరెక్కినా, కోట చూసినా, జూకి వెళ్లినా జ్ఞాపకంగా కొనుక్కునే మెడల్ ఇది. అక్కడివాళ్లు దీన్ని కినెన్ మెడారు అంటారు. మనకు ఇది తాతగారి ట్రంకుపెట్టెలోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో చిల్లర పోగులోనో తగులుతుంది. విశాఖ వైపు ఇళ్లలో కనిపిస్తే మరీ ఆశ్చర్యపోనక్కర్లేదు. బైలదిల్లా ఇనుప ఖనిజం 1960ల నుంచి విశాఖ రేవు మీదుగా జపాన్ వెళ్లేది, కొత్తవలస-కిరండోల్ రైలు మార్గం వేసిందే దానికోసం. ఓడల మీద పనిచేసి వచ్చినవాళ్ల సామాన్లలో ఇలాంటి బిళ్ల ఒకటి ఉండటం మామూలే.

దీని ఊరూ పేరూ కనుక్కోవడం కష్టమేం కాదు, జపనీస్ రానక్కర్లేదు. ఒక్క విషయంలోనే చాలామంది బోల్తా పడతారు. బిళ్ల మీద ఏదో ఒక ఏడాది కనపడగానే దాని వయసు అదేనని తీర్మానించేస్తారు. ఈ బిళ్లల మీద మూడు రకాల తేదీలు ఉండొచ్చు: ఆ కట్టడం మొదలైన ఏడాది, బిళ్ల అచ్చువేసిన సందర్భం, కొన్న మనిషి అక్కడికి వెళ్లిన రోజు. మీరు చూస్తున్నది వీటిలో ఏదో తేల్చుకుంటే సగానికి పైగా పని అయినట్టే.

1. ముందు తోమడం మానండి

మన ఇళ్లలో ఇత్తడి కనిపిస్తే చెయ్యి చింతపండు మీదికో పీతాంబరి పొడి మీదికో పోతుంది. ఇక్కడ ఆ పని వద్దు. చాలా బిళ్లలు ఇత్తడి మీద పల్చటి బంగారు పూత వేసినవి. పులుపు తగిలితే పూత మచ్చలు మచ్చలుగా లేచిపోతుంది. పొడితో రుద్దితే సన్నటి అక్షరాలు అరిగిపోతాయి, మిగిలిన గుంతల్లో పొడి ఇరుక్కుంటుంది. రేపు మీకు కావలసింది ఆ అక్షరాలే. మెత్తటి పొడి నూలుగుడ్డతో అద్దండి, చాలు. జిడ్డు ఉంటే మంచినీళ్లలో ఒక చుక్క సబ్బు కలిపి ముంచి తీసి, రుద్దకుండా ఆరనివ్వండి. రంగు ఎనామిల్ ఉన్నవాటిని అసలు నానబెట్టకండి.

అన్నట్టు, బిళ్ల దొరికిన చోటే ఇంకోసారి వెతకండి. ప్లాస్టిక్ డబ్బా, చిన్న కాగితం చీటీ, అట్టపెట్టె మూత... ఇందులో ఏది దొరికినా కింద రాసినదాంట్లో సగం చదవకుండానే మీకు జవాబు రావచ్చు. జనం డబ్బా పారేసి బిళ్ల దాచుకుంటారు, అదే ఇబ్బంది.

2. అది నాణెం కాదని ఖాయం చేసుకోండి

జపాన్ 5 యెన్ల నాణెం మీద అంకె ఉండదు. విలువ జపాన్ అక్షరాల్లోనే ఉంటుంది. పసుపు రంగు, మధ్యలో రంధ్రం, పక్కన వంగిన వరికంకి. గుళ్లో ఇచ్చిన బిళ్ల అని పొరబడేది ఎక్కువగా దీన్నే. వరికంకి కనపడితే ఇక వెతకడం ఆపేయండి, అది మామూలు డబ్బు.

రెండోది, ప్రభుత్వం వేసిన స్మారక నాణేలు. 1964 టోక్యో ఒలింపిక్స్‌కి 100, 1000 యెన్ల వెండి నాణేలు వేశారు. 1970 ఒసాకా ఎక్స్‌పోకి ఫుజి పర్వతం బొమ్మతో 100 యెన్లది వేశారు. 1975 ఒకినావా సముద్ర ఎక్స్‌పోకి షురేయి ద్వారం బొమ్మతో ఇంకొకటి. వీటి మీద 100 లేదా 1000 అనే అంకె స్పష్టంగా ఉంటుంది. విలువ అంకె లేదంటే జ్ఞాపికే అయ్యే అవకాశం ఎక్కువ.

సరిగ్గా 25 మిల్లీమీటర్ల వ్యాసంతో, వెండి రంగులో, ఏదో హాలు పేరు ఇంగ్లిష్‌లో ఉంటే అది పచిస్లాట్ అనే జూదం మెషీన్‌లో వేసే టోకెన్. పర్యాటకానికి దానితో సంబంధం లేదు.

గుడ్డు ఆకారంలో, అడ్డంగా గీతలు గీతలుగా, బంగారు రంగులో ఉన్నది దొరికితే గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది. జపాన్ చరిత్రలో ‘ఎడో’ అని పిలిచే పాత కాలపు (17–19 శతాబ్దాలు) కోబాన్ అనే బంగారు నాణెం రూపం అదే. అయితే 1601లో మొదలైన కెయిచో కోబాన్ దాదాపు 18 గ్రాములు తూగుతుంది. దుకాణాల్లో అమ్మే నకళ్లు రేకులా తేలిగ్గా ఉంటాయి. తూకం వేస్తే టెన్షన్ వదిలిపోతుంది.

3. ఫోను చేత చదివించండి, కానీ సరైన ఫొటోతో

గూగుల్ లెన్స్ జపనీస్ అక్షరాలను బాగానే చదువుతుంది. దాన్ని తికమక పెట్టేది లోహం మెరుపు. పైనుంచి ఫ్లాష్ వేసి తీస్తే తెల్లటి మచ్చ తప్ప ఏమీ రాదు. గది లైట్లు ఆర్పి, టార్చిని బల్లకు ఆనించి ఒక పక్కనుంచి వెలుగు పడేట్టు పెట్టండి. అక్షరాల నీడలు పడి ఒక్కో గీతా లేచి కనిపిస్తుంది. టార్చిని గడియారం ముల్లులా చుట్టూ జరుపుతూ నాలుగైదు ఫొటోలు తియ్యండి.

అప్పటికీ రాకపోతే చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద చేసిన పనే చెయ్యండి. పల్చటి కాగితం పరిచి, మెత్తటి పెన్సిల్‌ని పడుకోబెట్టి తేలిగ్గా రుద్దండి. ఆ కాగితాన్ని ఫొటో తీసి లెన్స్‌కి ఇవ్వండి. మెరుపు గొడవ ఉండదు కాబట్టి ఇంకా బాగా చదువుతుంది. ఎనామిల్, పూత లేచిపోతున్న బిళ్లల మీద మాత్రం ఇది చేయకండి.

వచ్చిన పదాల్లో ‘స్మారకం’ అన్నదాన్ని పక్కన పెట్టేయండి, అది దాదాపు అన్నిటి మీదా ఉంటుంది. దాని ముందున్న మాట చూడండి. శిఖరం ఎక్కిన గుర్తుగా అని వస్తే కొండ. దర్శన స్మారకం అని వస్తే గుడి. ప్రవేశం, సందర్శన అని వస్తే పార్కు, మ్యూజియం, ప్రదర్శన.

ఫోను అర్థంపర్థం లేని మాటలు చెబుతోందా? వెంటనే దాన్ని తిట్టకండి. యుద్ధానికి ముందు జపాన్‌లో అడ్డంగా రాసే బోర్డులు, శీర్షికలు చాలావరకు కుడి నుంచి ఎడమకు ఉండేవి. ఫోను ఎడమ నుంచి చదివి కంగాళీ చేస్తుంది. అక్షరాలను తిరగేసి మళ్లీ వెతకండి. అలా తిరగేస్తే అర్థం వచ్చిందంటే మీకో బహుమతి కూడా దొరికినట్టే: ఆ బిళ్ల చాలావరకు 1945కి ముందుది. యుద్ధం తర్వాత జపాన్ చాలా అక్షరాలను సులువు కూడా చేసింది. దేశం, రైలుస్టేషను, రైలుమార్గం లాంటి మాటల్లోని అక్షరాలు అంతకుముందు గీతలతో కిక్కిరిసి ఉండేవి. గుళ్లూ, పాత సంస్థలూ ఇప్పటికీ పాత అక్షరాలే వాడటం ఉంది కాబట్టి ఈ ఆనవాలును ఒంటరిగా నమ్మొద్దు. దిక్కూ, అక్షరాలూ రెండూ పాతవైతేనే నమ్మండి.

4. తేదీ: ఇక్కడ నిదానించండి

భూతద్దం తీసుకుని అంకెలను తాకినట్టు చూడండి. ఉబ్బి ఉన్నాయా, లోపలికి దిగి ఉన్నాయా?

ఉబ్బి ఉన్న అంకెలు సాధారణంగా అచ్చులోనే వచ్చినవి. ఆ అచ్చుతో వేసిన ప్రతి బిళ్ల మీదా అవే ఉంటాయి. కాబట్టి అది కట్టడం మొదలైన ఏడాదో, ఏదైనా ఉత్సవం ఏడాదో అయి ఉండాలి. లోపలికి దిగి, అంచు పట్టీలో వంపుగా, ఒక్కో అక్షరం మధ్య కాస్త హెచ్చుతగ్గులతో ఉన్నవి విడిగా కొట్టించుకున్నవి. బిళ్లలు అమ్మే మెషీన్ పక్కనే అక్షరాలు కొట్టే మెషీన్ ఇంకొకటి ఉంటుంది. డయల్ తిప్పి అక్షరం ఎంచుకుని నొక్కితే, బిళ్ల తిరుగుతూ అంచు మీద పేరు, తేదీ పడతాయి. అది ఆ మనిషి అక్కడ నిలబడ్డ రోజు. బిళ్ల అంతకంటే కొత్తది కావడానికి వీల్లేదు. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఇంకేదీ దొరకదు.

ఇక ఆ తేదీని చదవడం. జపాన్‌లో ముందు ఏడాది, తర్వాత నెల, చివర రోజు. మనం అలవాటుగా రోజు ముందు చదివేస్తే తలకిందులవుతుంది. పైగా ఆ ఏడాది మన క్యాలెండర్‌ది కాకపోవచ్చు. జపాన్ వాళ్లు చక్రవర్తి పాలనను బట్టి కూడా ఏళ్లు లెక్కపెడతారు. లెక్క తేలికే: మెయిజి అయితే 1867 కలపండి, తైషోకి 1911, షోవాకి 1925, హెయిసెయికి 1988, 2019 మేలో మొదలైన రెయివాకి 2018. అంకె ముందు ఇంగ్లిష్ ఎస్ ఉంటే షోవా, హెచ్ ఉంటే హెయిసెయి.

ఉదాహరణకు అంచు మీద 53.8.12 అని కొట్టి ఉంది, బొమ్మ టోక్యో టవర్. 1953 ఆగస్టు 12 అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆ టవర్ తెరిచిందే 1958 డిసెంబర్ 23న. 53 అంటే షోవా 53, అంటే 1978. ఇప్పుడు ఇంకో బిళ్ల మీద 64.10.10 అని ఉందనుకోండి. షోవా 64 ఉన్నది ఏడంటే ఏడు రోజులు, 1989 జనవరి 1 నుంచి 7 వరకు. ఆ ఏట అక్టోబర్ రాలేదు. కాబట్టి ఇది 1964 అక్టోబర్ 10, టోక్యో ఒలింపిక్స్ మొదలైన రోజు. కానీ టోక్యో టవర్ మీదే 62.5.3 అని వస్తే 1962కీ 1987కీ రెండింటికీ సరిపోతుంది. అప్పుడు ఒకటి ఎంచుకోకుండా రెండూ రాసిపెట్టుకోవడమే నిజాయితీ.

తేదీ జపాన్ అక్షరాల్లో ఉంటే కూడా కంగారు వద్దు. ఒకటి, రెండు, మూడు అంటే అన్ని అడ్డగీతలే. పది అంటే ప్లస్ గుర్తు. నాలుగు అంటే మూసిన గడి, లోపల రెండు చిన్న గీతలు. ఎనిమిది అంటే ఒకదానికొకటి తగలకుండా విడిపోయి వాలిన రెండు గీతలు. నాలుగు, ప్లస్, ఐదు అని వరసగా ఉంటే నాలుగు పదులు, ఐదు: 45. ముందు షోవా ఉంటే 1970.

షోవా, మెయిజిల దగ్గర కన్ను మోసపోతుంది. రెండింటి మొదటి అక్షరంలోనూ ఎడమవైపు సూర్యుడిని సూచించే నిలువు గడి, మధ్యలో ఒక గీత. కుడివైపు చూడండి. కింద మూతలేని పొడవాటి గడి, లోపల రెండు గీతలుంటే మెయిజి. కింద చిన్న చతురస్రం మూసి ఉంటే షోవా. ఈ ఒక్క తేడా చూడక యాభై ఏళ్ల బిళ్లను నూట ఇరవై ఏళ్లదని అమ్మేవాళ్లు ఉంటారు, కొనేవాళ్లూ ఉంటారు.

ఇంకా రెండు చోట్ల జాగ్రత్త. ‘మెయిజి 100 ఏళ్లు’ అని ఉన్న బిళ్ల మెయిజి కాలానిది కాదు. మెయిజి 45తోనే ఆగిపోయింది. ఆ శతాబ్ది ఉత్సవం జరిగింది 1968లో. అలాగే 2600 అనే అంకె చూసి ఎవరో తమాషా చేశారనుకోకండి. జపాన్ తొలి చక్రవర్తి జిమ్ము నుంచి లెక్కపెట్టే పాత శకంలో అది 1940. అందులోంచి 660 తీసేస్తే మన ఏడాది వస్తుంది. ఆ ఏడు జపాన్ అంతటా పెద్ద ఎత్తున ఉత్సవాలు చేశారు.

5. బొమ్మ ఏం చెబుతోంది

ఫుజి పర్వతాన్నీ, చెర్రీ పూలనూ లెక్కలోకి తీసుకోకండి. అవి జపాన్‌లో ఎక్కడి బిళ్ల మీదైనా వేస్తారు. పక్కన 3776 అని ఉంటే మాత్రం అది ఫుజి ఎత్తు, మీటర్లలో. ఎత్తుల అంకెలు అసలు చాలా పనికొస్తాయి. 333 అంటే టోక్యో టవర్. 634 అంటే టోక్యో స్కైట్రీ, అది 2012 తర్వాతిది.

అంకె లేని టవర్ అయితే ఆకారం చూడాలి. ఇనుప అల్లిక లేకుండా నున్నగా, ఒక భవనం నెత్తిన నిలబడి ఉంటే 1964 నాటి క్యోటో టవర్. నడుము సన్నబడి డమరుకంలా ఉంటే 1963 నాటి కోబె పోర్ట్ టవర్. ఒసాకాలోని త్సూతెన్‌కాకు సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. 1912లో కట్టిన మొదటి టవర్‌కి కింద పారిస్ విజయ తోరణంలాంటి కట్టడం, దానిపైన ఈఫిల్ టవర్ నమూనా. యుద్ధకాలంలో 1943లో దాన్ని విప్పేశారు. ఇప్పుడున్నది 1956లో వచ్చింది. బిళ్ల మీద కింద తోరణం కనిపిస్తే అది పాత టవర్ బొమ్మ.

బుద్ధుడి దగ్గర మనకు ఒక సౌలభ్యం ఉంది, ముద్రలు మనకు కొత్త కాదు. రెండు చేతులూ ఒడిలో కలిపి ధ్యానముద్రలో ఉంటే కమాకుర మహాబుద్ధుడు. ఆయన ఆరుబయటే కూర్చుంటాడు, చుట్టూ మందిరం ఉండదు. కుడిచెయ్యి ఎత్తి అభయం ఇస్తుంటే నారాలోని తొదాయ్‌జి బుద్ధుడు. పక్కన జింక ఉంటే నారాకి ఇంకో ఓటు.

మూడు కోతులు నిక్కోలోని తోషోగు మందిరానివి. నీళ్లలో నిలబడ్డ తొరీ (జపాన్ గుళ్ల ముందుండే ద్వారం) మియాజిమా దీవిలోని ఇత్సుకుషిమా గుడిది. రెండు చేతులు చాపి, నెత్తిన గుండ్రటి ముఖం, పొట్ట మీద ఇంకో ముఖం ఉన్న వింత ఆకారం ఒసాకా ఎక్స్‌పోలో కళాకారుడు తారో ఒకమోతో నిలిపిన సూర్య గోపురం. దానితోపాటు ఐదు రేకుల పువ్వు చిహ్నం ఉంటే ఎక్స్‌పో 70 అని దాదాపు తేలిపోయినట్టే. ఆ ప్రదర్శన 1970 మార్చి 15 నుంచి సెప్టెంబర్ 13 వరకు నడిచింది, 6 కోట్ల 42 లక్షల మంది చూశారు. అందుకే దాని బిళ్లలు కుప్పలు తెప్పలుగా దొరుకుతాయి.

కోటలు కాలం చెప్పవు. నగోయా కోట 1945లో బాంబులకు తగలబడితే 1959లో పాత రూపంలోనే మళ్లీ కట్టారు. బొమ్మలో తేడా తెలియదు, కప్పు చివర్ల బంగారు చేపలు రెండూ అప్పుడూ ఇప్పుడూ ఉన్నాయి. కొత్తగా పుట్టిన వస్తువులు మాత్రం గట్టిగా చెబుతాయి. గుండ్రటి ముక్కు షింకాన్‌సెన్ రైలుంటే బిళ్ల మామూలుగా 1964 అక్టోబర్ నాటిది లేదా ఆ తర్వాతిది. టోక్యోలోని ఉఏనో జూ పేరుతో పాండా ఉంటే 1972 అక్టోబర్ తర్వాతిది, అక్కడికి పాండాలు మొదట వచ్చింది అప్పుడే.

6. అంచు, లోహం

పక్క అంచు తిప్పి చూడండి. జపాన్ జెండా గుర్తు, పక్కన వజ్రాకారపు గడిలో 1000, 925 లాంటి అంకె ఉంటే ఒసాకాలోని జపాన్ టంకశాల పరీక్షించి వేసిన ముద్ర అది. వెండి బిళ్ల మీద 1000 అంటే స్వచ్ఛమైన వెండి. టంకశాల స్వయంగా బిళ్లలు కూడా వేస్తుంది, ఏటా తన ఆవరణలో చెర్రీ పూలు చూడటానికి వచ్చేవాళ్ల కోసం కూడా.

ముద్ర లేకపోతే నగల తూకంతో సాంద్రత చూడొచ్చు. ముందు మామూలుగా తూచండి. తర్వాత గిన్నెలో నీళ్లు పోసి తూకం మీద పెట్టి సున్నా చేసి, బిళ్లను దారానికి కట్టి అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. మొదటి అంకెను రెండో అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 10.5 దగ్గరుంటే వెండి, 8.5 అటూఇటూ అయితే ఇత్తడి, 2.7 అయితే అల్యూమినియం. బంగారమైతే 19.3 రావాలి. రాదనే అనుకోండి.

7. సరిపోల్చుకోవడం, ధర

లెన్స్ ఇచ్చిన జపనీస్ పేరును కాపీ చేసి, దాని పక్కన ‘స్మారక మెడల్’ను జపనీస్‌లోకి అనువదించి అతికించి వెతకండి. ఇంగ్లిష్‌లో వెతికితే చాలా తక్కువే వస్తుంది. పాత వస్తువులు అమ్మే జపాన్ సైట్లు యాహూ ఆక్షన్లు, మెర్కారీ చూడండి. అడుగుతున్న ధరలు వదిలేసి అమ్ముడైపోయిన వాటి ధరలే చూడండి. నాణేల వివరాలిచ్చే నుమిస్టా వెబ్‌సైట్‌లో కూడా నాణేలు కాని బిళ్లలకు వేరే విభాగం ఉంది. రెండు వైపులా, వ్యాసం, అంచు అన్నీ కలిస్తేనే అదే బిళ్ల. ఒకే టవర్‌కి ఎన్నో అచ్చులు ఉంటాయి, ఒక వైపు కలిసిందని సంబరపడకండి.

ధర మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది. వెండి, బంగారం అయితే లోహం విలువ ఉంటుంది, మిగతావి చాలావరకు చవకే. పేరు కొట్టించినవాటికి ఇంకా తక్కువ ఇస్తారు. నాకైతే అవే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే తేదీ చెప్పేది అవే.

ఎవరినైనా సాయం అడిగేటప్పుడు రెండు వైపుల ఫొటోలు, స్కేలు పక్కన పెట్టి తీసినది ఒకటి, మిల్లీమీటర్లలో వ్యాసం, గ్రాముల్లో బరువు, అయస్కాంతానికి అంటుకుంటుందా లేదా, ఎక్కడ దొరికింది అన్నీ ఒకేసారి ఇవ్వండి. అంచు మీద ఎవరిదైనా పూర్తి పేరు ఉంటే ఫొటోలో ఆ భాగం కప్పేయండి. తర్వాత బిళ్లను కాగితం కవర్లో పెట్టి, కవర్ మీద పెన్సిల్‌తో వివరాలు రాయండి. మెత్తటి పీవీసీ కవర్లు వాడకండి, కొన్నాళ్లకు ఇత్తడి, రాగి మీద ఆకుపచ్చ జిగురు పట్టి తినేస్తుంది.